గడప కడకు నడచు అన్నసత్రము

అన్నదానము మన నాట తరతరములుగా కీర్తింపబడుచున్నది. కాని సాధారణముగా ఆ దానము జరుగు తీరు ఒక్కటే: సత్రము ఒకచోట నిలిచి యుండును, ఆకలిగొన్నవాడు దానిని వెదకికొని వచ్చును, దాత వడ్డించును. నడచి రాలేనివాని మాట యేమి? అడుగుటకు నోరు రానివాని మాట యేమి? ఈ ప్రశ్నను మనము కొంచెము నిదానముగా ఆలోచింపవలెను.

కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళలందును వచ్చినవారికి అన్నము పెట్టి ఖ్యాతి కెక్కిరి. ఆమె ఒకమారు అంతర్వేది యాత్రకు బయలుదేరి, త్రోవలో ఆకలితో నున్న పెండ్లివారు తన యింటికే పోవుచున్నారని విని, యాత్ర మాని వెనుకకు మరలి వారికి వండి వడ్డించిరని చెప్పుదురు. ఆకలి ఎచ్చట నున్నదో తెలిసినంతనే ఆమె తన దారిని మార్చుకొనిరి. ఈ కథయందు మనము నేర్వవలసిన దిదియే.

దానము చేయువాడు దేశము, కాలము, పాత్రము అను మూడింటిని గమనింపవలెనని గీత పదునేడవ అధ్యాయము బోధించుచున్నది. ఒంటరిగా నున్న బీద వృద్ధులకు సరకులు చేర్చు సేవను ఈ మూడింటితో సరిచూచుకొందము.

పాత్రము

2011 జనాభా లెక్కల నాటికే మన దేశమున అరువదేండ్లు దాటినవారు పది కోట్లకు పైగా నుండిరి. వారిలో బిడ్డలు దూరదేశములకు పోయినవారు, బిడ్డలే లేనివారు, జీవిత సహచరుని కోల్పోయినవారు అనేకులు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము ప్రాధాన్య కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలును, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలును పొందు హక్కు కలదు. హక్కు కలదు సరియే. ఆ 35 కిలోల బరువును డెబ్బదియైదేండ్ల ముసలమ్మ ఎట్లు మోయగలదు? వరుసలో ఎంతసేపు నిలువగలదు? జీవితమంతయు నాట్లు వేసి, అంట్లు తోమి అరిగిన వ్రేళ్ల ముద్రను యంత్రము ఒక్కొక్కప్పుడు గుర్తింపనే గుర్తింపదు. కేంద్ర ప్రభుత్వపు వృద్ధాప్య పింఛనులో 79 ఏండ్ల వరకు కేంద్రపు వాటా నెలకు 200 రూపాయలు మాత్రమే. రాష్ట్రములు దానికి కలుపు మొత్తము ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు. అందులో ఆటో కిరాయి పోగా మిగులున దెంత?

ఇంతకంటెను పెద్ద అడ్డు అభిమానము. ముప్పది యేండ్లు ఒక కుటుంబమును పోషించిన చేయి ఒకరి ముందు చాచుటకు వెనుకాడును. అట్టివారు ఒక పూట తిని, రెండవ పూట ఆకలి లేదందురు. కావున పాత్రుని గుర్తించుట కష్టమైన పని. పాలు పోయువాడు, చాకలి, ఇరుగు పొరుగువారు, ఆశా కార్యకర్త మొదలగువారిని అడిగి తెలిసికొనవలెను.

దేశము

ఈ సేవకు తగిన స్థలము సభావేదిక కాదు. ఆ వృద్ధుని వంటయింటి అలమర. సంచిని వాకిట దించి పోయినచో పని సగమే జరిగినది. బియ్యము డబ్బాలో పోసి, నూనె సీసా చేతికందు ఎత్తున నుంచి, సీసా మూత ఒకమారు తెరచి వదులు చేసి రావలెను. పాతిక కిలోల బస్తా కంటె ఐదు కిలోల సంచులు మేలు.

ప్రభుత్వములును ఈ సంగతిని గుర్తించినవి. ఆంధ్రప్రదేశమున 2025 జూన్ నుండి 65 ఏండ్లు దాటినవారికిని, వికలాంగులకును రేషను సరకులు ఇంటికే చేర్చు ఏర్పాటు జరిగినది. తమిళనాడున అదే సంవత్సరము ఆగస్టులో 70 ఏండ్లు దాటినవారికొరకు ఇట్టి పథకము ఆరంభమైనది. అయినను బియ్యముతోనే కాపురము గడవదు. పప్పు, చింతపండు, ఉప్పు, కూరగాయలు, పాలు, సబ్బు, మందులు ఎవరు తెత్తురు? స్వచ్ఛంద సేవకుని పని ఇచ్చట మొదలగును.

కాలము

2020 మార్చి 25న దేశమంతటను రాకపోకలు నిలిచినప్పుడు అనేక పట్టణములలో యువకులు సరకుల సంచులు గడప కడ నుంచి, దూరముగా నిలిచి పిలిచి వెడలిరి. ఆ నెలలోనే బ్రిటనున కొద్ది దినములలో ఏడున్నర లక్షలమంది ఆరోగ్యశాఖకు తోడ్పడుటకు పేర్లిచ్చిరి. ఇల్లు కదలరాని వారికి సరకులు, మందులు చేర్చుట వారి పనులలో నొకటి. ఆ విపత్తు గడచినది. తలుపు వెనుకనున్న ఒంటరితనము మాత్రము గడచిపోలేదు.

పండుగనాడు ఒకమారు ఇచ్చి మరచుట ఈ సేవకు చాలదు. డబ్బా అడుగు కనబడకముందే చేరవలెను. వారము, వేళ మారరాదు. వీలైనంతవరకు మనిషియు మారరాదు. మంగళవారము పదిగంటలకు వచ్చువానికై సోమవారమునుండియే ఎదురుచూచువారు కలరు. చెప్పి రానిచో, ఆ దినము వారికి కలుగు బాధ మనము తెచ్చు సరకుల విలువకంటె పెద్దది.

ఆచరణమున కొన్ని నియమములు

మొదట అడిగి, చీటీ వ్రాసికొనవలెను. మనకు తోచినది ఈయరాదు. దంతములు లేనివారికి అటుకులు, రవ్వ, పెసరపప్పు అనుకూలము. మధుమేహము, రక్తపోటు కలవో తెలిసికొనకుండ బెల్లము, పచ్చళ్లు తేరాదు. వారే సొమ్మిచ్చినచో రసీదును, మిగిలిన చిల్లరను చేతిలో పెట్టి లెక్క చెప్పవలెను. బ్యాంకు కార్డు, రహస్య సంఖ్య ఎన్నడును అడుగరాదు. క్రొత్తగా పోవువారు ఇద్దరుగా పోవుట ఇరువైపుల వారికిని క్షేమము. సంచి ఇచ్చుచుండగా ఛాయాచిత్రము తీయుట తగదు. అది వారి పేదరికమును వీధిన పెట్టుటయే. తలుపు తట్టినను పలుకు రానిచో మరలిపోక, పొరుగువారిని పిలువవలెను. ఈ ఒక్క జాగ్రత్త వలన ఒక ప్రాణము నిలువవచ్చును.

భావము

కడపటి మాట. పది నిమిషములు కూర్చుండి వారు చెప్పునది వినుడు. ఆ ముసలమ్మ మజ్జిగ ఇచ్చినచో కాదనక త్రాగుడు. ఏలన, తీసికొనుటయే గాని ఇచ్చుటకు వీలులేని స్థితి మనిషిని క్రుంగదీయును. ఆ గ్లాసు మజ్జిగతో ఆమె మరల ఇల్లాలగును, మనము అతిథుల మగుదుము. అప్పుడు దాత ఎవరు, గ్రహీత ఎవరు అను భేదము తొలగిపోవును.

మీ వీధిలో ఇట్టి తలుపు ఒకటి తప్పక ఉండును. ఈ వారమే విచారించి తెలిసికొనుడు. సత్రము కట్టుటకు అందరికిని శక్తి యుండదు; ఒక సంచిని ఒక గడప దాటించుటకు శక్తి లేనివారు అరుదు.