రీలులోని బొమ్మ

నూజివీడు అనగానే మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరుకాయ మున్నగు రకములు వేసవి కాలమున ఆ తోటలనుండి లారీలకొలది నలుదెసలకు పోవుచుండును. కాని ఈ సీమ లోకమునకు ఇచ్చినది మామిడి యొక్కటియే కాదు. నూజివీటికి చేరువలోని మీర్జాపురము జమీందారు, జనులు మీర్జాపురము రాజా అని పిలిచినవారు, మద్రాసునకు పోయి చలనచిత్రములు నిర్మించిరి. ఆగిరిపల్లి కొండకు శోభనాచలమని పేరు. వారి చిత్రసంస్థ పేరును శోభనాచలయే. 1949లో ఆ సంస్థనుండి వెలువడిన 'కీలుగుఱ్ఱం' చిత్రమునకు రాజావారే దర్శకులు. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి అందు నటించిరి. ఆ సంవత్సరముననే రాజావారి సతీమణియు ప్రసిద్ధనటియునగు కృష్ణవేణి 'మనదేశం' అను చిత్రమును నిర్మించిరి. దానికి ఎల్.వి. ప్రసాద్ దర్శకులు. నందమూరి తారకరామారావు తొలిసారి తెరపై కనబడినది అందులోనే. కృష్ణవేణి నూఱేండ్లు నిండిన పిమ్మట 2025లో దివంగతులైరి.

ఈ రెండు చిత్రములను మనము నేటికిని చూడగలుగుచున్నాము. ఇది సామాన్యమైన భాగ్యము కాదు. రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన మూకచిత్రము 'భీష్మప్రతిజ్ఞ'ను గాని, 1932 ఫిబ్రవరిలో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'ను గాని నేడు ఎవ్వరును చూడజాలరు. వాని ప్రతి యొక్కటియు మిగులలేదు. తాళపత్రములు మూడు నాలుగు వందల యేండ్లు నిలిచిన దేశములో నూఱేండ్లయినను నిండని బొమ్మలు ఎట్లు మాయమైనవి? దీనికి సమాధానము కావలెనన్నచో ఫిలిము ఎట్టి వస్తువో, కెమేరా దానిని ఏమి చేయునో తెలిసికొనవలెను.

చలనచిత్రము అను పేరే కొంత మోసపు పేరు. ఫిలిముపై చలించు బొమ్మ యొక్కటియు లేదు. మా చిన్ననాట టూరింగు టాకీసు డేరా వెనుక పాఱవేసిన ఫిలిముముక్కలను ఏఱుకొని ఎండకు పట్టి చూచెడివారము. వరుసగానున్న పది బొమ్మలలో కథానాయకుని చేయి ఎంత జరిగినదో కనిపెట్టుట మాకొక పందెము. బొమ్మకును బొమ్మకును భేదము వెండ్రుకవాసి యుండెడిది. ఆ నిలిచిన బొమ్మలనే సెకనునకు 24 చొప్పున తెరపై చూపినప్పుడు మన కన్నును మనస్సును కలిసి వానికి నడక కల్పించుచున్నవి.

కెమేరాలో కటకము వెనుక గేటు అను చిన్న కిటికీ కలదు. ఫిలిము అచ్చట కదలక నిలిచియుండగా దానిపై వెలుగు పడును. పిమ్మట షట్టరు అను తిరుగుడు రేకు అడ్డువచ్చి వెలుగును ఆపును. ఆ చీకటిలో ఒక ఇనుపగోరు ఫిలిము అంచునగల రంధ్రములలో దూరి, ఒక్క బొమ్మమేర క్రిందికి లాగి విడిచిపెట్టును. మరల నిలుకడ, మరల వెలుగు. కుట్టుమిషను నడచుట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. సూది గుడ్డలో నున్నంతసేపు గుడ్డ కదలదు. సూది పైకి లేచినప్పుడే గుడ్డ ముందుకు జరుగును. 1895లో చిత్రప్రదర్శన జరిపిన లూమియేర్ సోదరులు ఈ ఉపాయమును కుట్టుమిషను నుండియే గ్రహించిరని చెప్పుదురు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. రీలునుండి ఫిలిము ఎడతెగక వచ్చుచుండును. గేటులో మాత్రము ఆగి ఆగి నడచును. ఈ రెండు నడకలకు పొత్తు కుదుర్చుటకై గేటునకు పైనను క్రిందను ఫిలిమును కొంత వదులుగా వంచి విడుతురు. ఈ వంపు తప్పినచో బొమ్మ అలుకుకొనిపోవును, లేదా ఫిలిమే తెగును. కనుక కెమేరాలో ఫిలిము ఎక్కించువాడు మూత మూయుటకు ముందు చూడవలసినవి ఈ వంపులే. తరువాత చూడవలసినది గేటు. అందు చిక్కిన ఒక్క వెండ్రుక తెరపై మోకుత్రాడంత కనబడును. రీలు మార్చినప్పుడెల్ల గేటును మెత్తని కఱ్ఱపుల్లతో శుభ్రపఱుపవలెను, లోహముతో గోకరాదు. తాళము చుట్టి నడుపు స్ప్రింగు కెమేరాను దాచునప్పుడు స్ప్రింగును పూర్తిగా విడిచియుంచవలెను. చుట్టినది చుట్టినట్లే పెట్టెలో పెట్టినచో కొన్నాళ్ళకు దాని బలము తగ్గి, కెమేరా తడబడుచు నడచును.

సినిమా ఫిలిము వెడల్పు 35 మిల్లీమీటర్లు. దానిలో అడుగునకు 16 బొమ్మలు పట్టును. సెకనునకు 24 బొమ్మలనగా అడుగున్నర. నిమిషమునకు 90 అడుగులు. రెండున్నర గంటల చిత్రమునకు 13,500 అడుగుల ఫిలిము, అందు 2,16,000 బొమ్మలు! ఈ లెక్కను మీరును వేసి చూడవచ్చును. ఇంత వ్యయము గృహస్థులకు సాధ్యము కాదు గనుక వారికొఱకు సన్నని ఫిలిములు పుట్టినవి. 1923లో 16 మిల్లీమీటర్లది, 1932లో 8 మిల్లీమీటర్లది, 1965లో సూపర్ 8 అనునది వచ్చినవి. సూపర్ 8 రీలు 50 అడుగులు. సెకనునకు 18 బొమ్మల చొప్పున మూడు నిమిషముల ఇరువది సెకనులు నడచును. సంపన్నుల ఇండ్లలోను, విదేశములనుండి వచ్చిన బంధువుల పెట్టెలలోను నేటికిని కానవచ్చు పెండ్లి రీళ్ళు, తిరునాళ్ళ రీళ్ళు సాధారణముగా ఇట్టివే.

ఇక ఫిలిము అను వస్తువును గూర్చి. తొలినాటి సినిమా ఫిలిము నైట్రేటుతో చేయబడినది. అది తుపాకిమందునకు దగ్గఱి చుట్టము. ఒకమారు అంటుకొన్నచో నీటిలో ముంచినను ఆఱదు, ఏలయన మండుటకు వలయు ప్రాణవాయువు దానిలోనే యున్నది. 1948లో మండని ఎసిటేటు సినిమా ఫిలిము బజారునకు వచ్చి, కొద్దియేండ్లలో నైట్రేటు తయారీ ఆగిపోయెను. 'కీలుగుఱ్ఱం', 'మనదేశం' ఆ సంధికాలపు చిత్రములు. 2003లో పుణె నగరమున పాత నైట్రేటు రీళ్ళున్న చోట నిప్పు పుట్టి అపురూపమైన చిత్రములు బూడిదయైనవి. కాని నిప్పుకంటె మానవుడు చేసిన నష్టమును తక్కువగా చెప్పరాదు. ఆట ముగిసిన రీళ్ళను పూతలోని వెండికొఱకు కరిగించుట ఒకప్పుడు వాడుక. ఒక చిత్రము మరల డబ్బు తేదని తోచిన నాడు దాని విలువ ఆ కాసింత వెండియే!

ఎసిటేటు మండదు గాని పులియును. వేడిమి, తేమ తగిలి అది విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లమును విడుచును. డబ్బా మూత తీయగనే వెనిగరు వాసన ముక్కుపుటములకు తగులును. నూజివీటి పిల్లలకు మామిడికాయను గడ్డిలో మాగవేయుట తెలియును గదా. పండిన కాయనుండి వెలువడు వాయువు ప్రక్కనున్న కాయలను త్వరపెట్టును; మూసిన గదిలో ఆ పని మఱింత వడిగా సాగును. ఫిలిము సంగతియు ఇట్టిదే. తాను విడిచిన ఆమ్లపు ఆవిరి తన పాటునే త్వరపెట్టును, ప్రక్కడబ్బాలకును సోకును. 21 డిగ్రీల వేడిమియు 50 శాతము తేమయు గల గదిలో క్రొత్త ఎసిటేటు ఫిలిము సుమారు 40 ఏండ్లకు పులియ మొదలిడునని శాస్త్రజ్ఞుల అంచనా. మన సీమలో వేసవిలో 40 డిగ్రీలు దాటును. ఆపై వానకాలపు తేమ. పెంకుటింటి అటకపై దాచిన రీలు గతి యేమో మీరే ఊహింపుడు.

కావున ఇంట ఎవరికైనను పాత రీళ్ళు దొరికినచో ముందు ముక్కుతో పరీక్షింపవలెను. పుల్లని వాసన గలవానిని మంచివానినుండి వేఱుచేసి, గాలి తగులుచోట, ఇంట మిక్కిలి చల్లని గదిలో, నేలకు కొంత ఎత్తున పరుండబెట్టవలెను. త్రుప్పు పట్టిన డబ్బాను మార్చవలెను. ఫిలిమును అంచులతోనే పట్టుకొనవలెను. ఎండలో పఱచుట, నీటితో కడుగుట పనికిరావు. 35 మిల్లీమీటర్ల ఫిలిము జిగటగానో పొడిపొడిగానో ఉండి, 1950కి ముందటిదని తోచినచో దానిని నైట్రేటుగా భావించి, దీపమునకును పొయ్యికిని దూరముగా నుంచి, తెలిసినవారికి కబురుచేయవలెను. అన్నింటికంటె ముఖ్యము: చూడవలెనను ఆతురతతో పాత ప్రొజెక్టరులో ఎక్కింపరాదు. పులిసిన ఫిలిము కుఱుచబాఱును. దాని రంధ్రములు యంత్రపు పండ్లకు సరిపోవు. ఒక్క నిమిషములో అంచులు చీలికలు పేలికలగును.

నకలు తీయు నేటి స్కానరులలో మేలైనవానికి గోరును పండ్లును లేవు. మెత్తని ఉరుళ్ళపై ఫిలిము జాఱుచుండగా ఒక్కొక్క బొమ్మను ఛాయాచిత్రము వలె గ్రహించును. గోడపై ప్రొజెక్టరు వేసి ఆ వెలుగును ఫోనుతో పట్టుటయు నకలు తీయుటయేనని కొందఱందురు. అది పండు తినక తొక్క నాకినట్లు. దానిలో మిణుకుమిణుకు వచ్చును, అంచులు చెడును. ఫిలిము వెనుకతట్టు గీతలు పడియున్నచో, ఆ గీతలను నింపు ద్రవములో ముంచి స్కాను చేయు పద్ధతి కలదు. గీతలు చాలవఱకు కానరావు. నెగటివు దొరికినచో ప్రింటుకంటె దానినే స్కాను చేయుట మేలు, ఏలయన ప్రింటు అప్పటికే ఒక నకలు. పనివానిని తప్పక అడుగవలసినది ఇంకొకటి కలదు: ఈ రీలు సెకనునకు ఎన్ని బొమ్మల వేగమున తీయబడినది? 16 బొమ్మల వేగమున తీసిన పెండ్లి ఊరేగింపును 24 చొప్పున నడిపినచో పెద్దలందఱు కోతుల వలె గంతులు వేయుదురు. చూచినవారు పాతకాలపు మనుష్యులు అట్లే నడచిరనుకొందురు!

నకలు చేతికి వచ్చినది గదా యని మూలమును పాఱవేయువారు పెక్కురు. 1980ల తరువాత పలువురు తమ రీళ్ళను వీడియో క్యాసెట్టులకు ఎక్కించి రీళ్ళను తూకమునకు అమ్మివేసిరి. నేడు ఆ క్యాసెట్టులు బూజుపట్టినవి. వానిని నడుపు యంత్రములే అరుదైనవి. రీళ్ళను దాచుకొన్నవారు మాత్రము వానిని మరల స్కాను చేయించి, క్యాసెట్టులో ఎన్నడును కానరాని ముఖకవళికలను సయితము చూడగలిగిరి. ఫిలిమును చదువుటకు వెలుగును కటకమును చాలును. కంప్యూటరులోని నకలును రెండు మూడు చోట్ల ఉంచి, కొద్దియేండ్ల కొకమారు క్రొత్త సాధనములోనికి మార్చుచుండవలెను. ఆ మార్పు ఒక్కమారు మఱచినచో ఇంట మిగులునది రీలొక్కటియే.

పెద్ద చిత్రముల రీళ్ళను దాచుటకు 1964లో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారము నెలకొల్పబడెను. 2022లో అది జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో లీనమాయెను. ఇంటి రీళ్ళ భారము మాత్రము ఇంటివారిదే. స్కాను చేయించిన బొమ్మను మీ తాతగారికో నాయనమ్మకో చూపి, కనబడువారి పేర్లు, ఊరు, సంవత్సరము అడిగి, పెన్సిలుతో కాగితముపై వ్రాసి డబ్బాపై అంటింపుడు. సిరాతో వ్రాయకుడు, తేమకు అలుకుకొనిపోవును.