ఫిజీ దీవులు: నేల, చెరకు, పాలన

పసిఫిక్ మహాసముద్రపు నైరుతి భాగంలో, ఆస్ట్రేలియాకు తూర్పున, న్యూజిలాండుకు ఉత్తరాన చెదరి ఉన్న దీవుల సముదాయమే ఫిజీ. ఇందులో మూడు వందలకు పైగా దీవులున్నప్పటికీ మనుషులు నివసించేవి సుమారు నూరు మాత్రమే. మొత్తం భూభాగం 18 వేల చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. అంటే 2016లో విభజన జరగక పూర్వం హుస్నాబాద్ చేరి ఉన్న కరీంనగర్ జిల్లాకు ఒకటిన్నర రెట్లు. జనాభా మాత్రం ఆ జిల్లా జనాభాలో నాలుగో వంతు కూడా లేదు. 2017 లెక్కల ప్రకారం 8,84,887. ఇంత చిన్న దేశాన్ని గురించి తెలుగు విద్యార్థి తెలుసుకోవలసినది ఏముంది అనిపించవచ్చు. కాని ఆ దేశపు చెరకు తోటలలోను, ఓటర్ల జాబితాలలోను, పాఠశాలల హాజరు పట్టీలలోను రెడ్డి, నాయుడు, రాజు వంటి పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లు అక్కడికి ఎలా చేరాయో, చేరిన తరువాత వాటి గతి ఏమైందో తెలియాలంటే ముందుగా ఆ దీవుల నైసర్గిక స్వరూపం తెలియాలి.

ఫిజీ దీవులలో పెద్దవి విటి లెవు, వనువా లెవు. ఆ దేశ భాషలో ‘లెవు’ అంటే పెద్దది అని అర్థం. జనాభాలో అధిక భాగం విటి లెవులోనే నివసిస్తుంది. రెండూ అగ్నిపర్వతాల వలన ఏర్పడినవే. తీరం పొడవునా పగడపు దిబ్బలు కోటగోడలా నిలిచి అలల ధాటిని ఆపుతాయి. విటి లెవు మధ్య భాగాన 1,324 మీటర్ల ఎత్తు గల తొమనివి శిఖరం ఉంది. ఆగ్నేయ దిశనుండి వీచే వ్యాపార పవనాలు ఈ పర్వతాలను తాకి తూర్పు తీరాన వర్షిస్తాయి. రాజధాని సువాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. కొండలు దాటేసరికి గాలిలోని తేమ తగ్గుతుంది గనుక పడమటి తీరంలోని లౌతోకా, బా, నాదీ ప్రాంతాలు వర్షచ్ఛాయలో ఉంటాయి. చెరకుకు ఎదిగేటప్పుడు నీరు, పండేటప్పుడు పొడి ఎండ కావాలి. కాబట్టి ఆ పంట విటి లెవు పడమటి తీరాన్ని, వనువా లెవు ఉత్తర తీరంలోని లంబాసాను ఆశ్రయించింది. చెరకు వెంట కూలీలు పోయారు. భారతీయ సంతతివారి ఊళ్లు ఎక్కువగా ఆ దిక్కున ఎందుకున్నాయో చెప్పడానికి గాలి వాటమే మొదటి కారణం.

1874 అక్టోబరు 10వ తేదీన ఫిజీ దొరలు తమ దీవులను బ్రిటిష్ సామ్రాజ్యానికి అప్పగించారు. మరుసటి ఏడాదే తట్టు వ్యాధి వ్యాపించి, అంతకు ముందు దానిని ఎరుగని ఆ జనంలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. మొదటి గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్ ఈ దుఃస్థితిని చూచి రెండు నిర్ణయాలు చేశాడు. స్థానికుల భూమిని ఇతరులకు అమ్మరాదన్నది ఒకటి. వారిని తోటపనులకు లాగరాదన్నది రెండవది. వలస పాలకులలో ఇటువంటి ఆలోచన అరుదని ఒప్పుకోవలసిందే. అయితే పాలన ఖర్చును ఆ దీవులే భరించాలి. ఖర్చు రాబట్టాలంటే ఎగుమతి పంట ఉండాలి. పంట ఉండాలంటే కూలీలు కావాలి. గోర్డన్ అంతకు ముందు ట్రినిడాడ్, మారిషస్ దీవులలో గవర్నరుగా ఉండి, అక్కడి తోటలలో భారతీయ కూలీల పనిని చూచినవాడు. కనుక అతని చూపు భారతదేశం వైపు మళ్లింది. పెట్టుబడి కోసం ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీని ఆహ్వానించారు. 1882లో నౌసోరిలో ఆ కంపెనీ తొలి మిల్లు పని మొదలు పెట్టింది. ఈ విధంగా నేల ఒకరిది, శ్రమ మరొకరిది, చక్కెర లాభం వేరొకరిది అయింది. పాలన ఈ ముగ్గురిలో ఎవరికీ చెందక గవర్నరు చేతిలో ఉండిపోయింది. తరువాతి నూరేళ్ల ఫిజీ చరిత్రను ఈ విభజన వెంటాడుతూనే వచ్చింది.

1879 మే 14న లియోనిదాస్ అనే ఓడ కలకత్తానుండి సుమారు 460 మందితో ఫిజీ చేరింది. 1916లో ఓడలు ఆగిపోయేనాటికి మొత్తం 60 వేలకు పైగా కూలీలు ఆ దీవులకు చేరారు. మొదటి ఇరవై నాలుగేళ్లు వారందరూ ఉత్తర భారతీయులే. 1903 నుండి మద్రాసు రేవునుండి కూడా ఓడలు బయలుదేరాయి. మద్రాసునుండి వెళ్లినవారు దాదాపు 15 వేల మంది. వారిలో తమిళులు, మలయాళీలతో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు వంటి జిల్లాల తెలుగువారు ఉన్నారు. నైజాం రాజ్యం మద్రాసు రాజధానికి వెలుపల ఉండడం చేత తెలంగాణ పల్లెలు ఈ వలసలో పెద్దగా చేరలేదు. ఉత్తర తెలంగాణ సముద్రం దాటి బతుకుతెరువు వెదకడం 1970ల తరువాత గల్ఫ్ దేశాలతో మొదలైంది.

కూలీలు వేలిముద్ర వేసిన ఒప్పందపత్రాన్ని ఆంగ్లంలో అగ్రిమెంట్ అన్నారు. ఆ మాట కూలీల నోట ‘గిర్మిట్’ అయింది. వారు ‘గిర్మిటియాలు’ అయ్యారు. ఒప్పందం ఐదేళ్లకు. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్సులు. మన లెక్కలో పన్నెండణాలు, తొమ్మిదణాలు. ఊరిలో దొరికే కూలితో పోల్చుకుంటే ఇది ఆశ పెట్టే మొత్తమే. కాని ఆ కూలి రోజుకు కాదు, ఆ రోజుకు కొలిచి ఇచ్చిన పనికి. కొలిచిన పని పూర్తి కాకపోతే కూలి లేదు. పనికి రాకపోవడం, ఎదురు చెప్పడం ఒప్పంద భంగం మాత్రమే గాక శిక్షార్హమైన నేరం కూడా. జరిమానా, జైలు రెండూ ఉండేవి. నివాసం ‘లైన్లు’ అనే వరుస కొట్టాలలో. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల ఒక గదిలో ముగ్గురు మగవారు, లేదా ఒక కుటుంబం. నూరుగురు మగవారికి నలభై మంది ఆడవారు ఉండాలన్నది నిబంధన. ఇందువలన కలిగిన కలహాలకు, హత్యలకు, ఆత్మహత్యలకు నిందను మాత్రం ఆడవారిపై వేసేవారు. ఆ బతుకును కూలీలు ‘నరక్’ అన్నారు. దీనాన్ని అలంకారంగా అన్న మాట కాదు.

1912లో గోపాలకృష్ణ గోఖలే ఈ పద్ధతిని రద్దు చేయాలని శాసనమండలిలో తీర్మానం ప్రవేశపెట్టాడు. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్ స్వయంగా ఫిజీ వెళ్లి చూచి వచ్చి వ్రాసిన నివేదిక దేశాన్ని కదిలించింది. 1920 జనవరి 1న మిగిలి ఉన్న ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. పదేళ్లు నిండినవారికి తిరుగు ప్రయాణం ఉచితమే అయినా అధిక సంఖ్యాకులు అక్కడే ఉండిపోయారు. ఓడలో కులం కలిసిపోయిన తరువాత ఊరు తమను తిరిగి చేర్చుకుంటుందా అన్న అనుమానం కొందరిది. సంపాదన లేక చేతులు ఊపుకుంటూ పోవడం ఎట్లా అన్న సిగ్గు మరికొందరిది.

కూలీలు దొరకని కాలం రాగానే కంపెనీ తన తోటలను దాదాపు పదేసి ఎకరాల ముక్కలుగా చేసి భారతీయులకే కౌలుకు ఇచ్చింది. కూలీ కౌలుదారుడయ్యాడు. విత్తనం, ఎరువు, కోత, ధర అన్నీ కంపెనీ నిర్ణయమే. రైతులు 1943లో సమ్మె కట్టారు. పాతికేళ్ల తరువాత కూడా ధర వివాదం తెగలేదు. చివరకు 1970లో ఆంగ్ల న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ తీర్పు చెప్పి, రాబడిలో 65 శాతం రైతులకు చెందాలన్నాడు. ఆ లెక్కన గిట్టుబాటు కాదని కంపెనీ 1973లో ఫిజీని విడిచి వెళ్లింది. మిల్లులు ప్రభుత్వపరం అయ్యాయి. తొంభై ఏళ్లపాటు గిట్టుబాటు అయినది ఒక్క తీర్పుతో కాకుండా పోవడం గమనించదగిన విషయం.

కంపెనీ వెళ్లింది గాని భూమి సమస్య మిగిలింది. ఫిజీ నేలలో దాదాపు 90 శాతం ‘ఇతౌకెయి’ అని పిలిచే ఆదివాసుల వంశాల ఉమ్మడి ఆస్తి. 1940లో రాతు సర్ లాలా సుకునా చొరవతో ఏర్పడిన ట్రస్టు బోర్డు వారి తరఫున భూమిని కౌలుకు ఇస్తుంది. పట్టా, కౌలు అనే మాటల మధ్య ఎంత దూరముందో హుస్నాబాద్ వంటి మెట్ట ప్రాంతపు విద్యార్థికి విడమరచి చెప్పనక్కరలేదు. 1976 చట్టం కౌలు గడువును ముప్పై ఏళ్లుగా స్థిరపరచింది. 1997 నుండి గడువులు తీరడం మొదలైంది. చాలా కౌళ్లు పునరుద్ధరణకు నోచుకోలేదు. ముత్తాత నరికి చదును చేసిన నేలపై ఇల్లు కట్టుకున్న రైతు ఆ ఇంటి రేకులు విప్పుకొని పట్టణం చేరవలసి వచ్చింది. ఇందులో రైతు పక్షమే న్యాయమని తేల్చివేయడం సులభం. కాని తమ భూమిని కోల్పోయిన హవాయి, న్యూజిలాండు ఆదివాసుల గతిని చూచిన ఫిజీయులకు ఆ నేల తమ చేతినుండి జారిపోతుందన్న భయం కల్పితమైనది కాదు. ఇద్దరి భయాలూ నిజమైనవే. రెండింటికీ మూలం ఎవరో గీసిన ఒకే గీత.

పాలనలోను అదే గీత కనిపిస్తుంది. 1929లో భారతీయులకు శాసనమండలిలో మూడు స్థానాలు లభించాయి. అవి జాతి ప్రాతిపదికపై విడగొట్టిన జాబితాల ద్వారా ఎన్నుకొనే స్థానాలు. అందరికీ ఒకే ఓటర్ల జాబితా కావాలని కోరుతూ ఆ ముగ్గురు సభ్యులూ సభను విడిచి వచ్చారు. ఆ కోరిక తీరడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. 1970 అక్టోబరు 10న ఫిజీ స్వతంత్రమైంది. రాతు సర్ కమిసెసె మారా తొలి ప్రధానమంత్రి అయ్యాడు. 1987 ఏప్రిల్ ఎన్నికలలో భారతీయుల మద్దతు గల కూటమి గెలిచింది. ప్రధానమంత్రి తిమోచి బవాద్రా ఆదివాసి ఫిజీయుడే. అయినా సుమారు నెల రోజులకే, మే 14న, సైన్యాధికారి సితివేని రబుకా ఆ ప్రభుత్వాన్ని కూలదోశాడు. లియోనిదాస్ ఓడ వచ్చిన తేదీ కూడా మే 14 కావడం కేవలం కాకతాళీయమే. కాని భారతీయ సంతతివారి మనసులో ఆ రెండూ ముడివడిపోయాయి.

ఆ పిమ్మట జరిగిన ఒక ప్రయత్నం ప్రత్యేకంగా చెప్పదగినది. లౌతోకాలో జన్మించిన దక్షిణ భారత సంతతి న్యాయవాది జైరామ్ రెడ్డి అప్పటి ప్రతిపక్ష నాయకుడు. తన జనాన్ని అధికారంనుండి తోసివేసిన రబుకాతోనే అతడు చర్చలకు కూర్చున్నాడు. 1997లో ఆదివాసి దొరల మహాసభలో ప్రసంగించాడు. భారతీయ సంతతి నాయకుడు ఆ సభలో మాట్లాడడం అదే మొదటిసారి. ఆ ఇద్దరి ఒడంబడిక ఫలితంగా కొత్త రాజ్యాంగం వచ్చింది. 1999 ఎన్నికలలో ప్రజలు ఇద్దరినీ తిరస్కరించారు. జైరామ్ రెడ్డి పార్టీకి ఒక్క స్థానమూ దక్కలేదు. మహేంద్ర చౌదరి తొలి భారతీయ సంతతి ప్రధాని అయ్యాడు. 2000 మే 19న జార్జ్ స్పైట్ అనుచరులు అతనిని పార్లమెంటు భవనంలోనే 56 రోజులు బందీగా ఉంచారు. 2006లో సైన్యాధిపతి బైనిమరామా మరొకసారి అధికారాన్ని చేజిక్కించుకున్నాడు. అతని కాలంలోనే వచ్చిన 2013 రాజ్యాంగం జాతుల వారీ జాబితాలను తొలగించి, పౌరులందరినీ ఫిజీయన్లు అన్న ఒకే పేరుతో పిలిచింది. 1929లో అడిగినది ప్రజాస్వామ్య మార్గాన గాక సైనిక పాలనలో లభించడం ఫిజీ చరిత్రలోని వింత. ఇప్పుడు పార్లమెంటులో 55 స్థానాలున్నాయి. దేశమంతా ఒకే నియోజకవర్గం. 2022 డిసెంబరులో రబుకా మళ్లీ ప్రధానమంత్రి అయ్యాడు. 2023 మే నెలలో గిర్మిట్ దినాన్ని దేశం తొలిసారి సెలవుదినంగా జరుపుకున్నప్పుడు, 1987 నాటి చర్యకు అతడు బహిరంగంగా క్షమాపణ కోరాడు.

ఈ లోపల ఎందరో వెళ్లిపోయారు. 1986లో జనాభాలో దాదాపు సగం ఉన్న భారతీయ సంతతివారు 2007 నాటికి 37.5 శాతానికి తగ్గారు. ఉపాధ్యాయులు, వైద్యులు, న్యాయవాదులు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా చేరారు. చెరకు కూడా తగ్గింది. 1990లలో మంచి ఏడాదిలో 4 లక్షల టన్నులు దాటిన చక్కెర ఉత్పత్తి ఇటీవలి సంవత్సరాలలో 2 లక్షల టన్నులను అందుకోవడం లేదు. ఐరోపా దేశాలు హెచ్చు ధరకు కొనే ఏర్పాటు క్రమంగా ముగిసింది. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను 44 మంది ప్రాణాలు తీసింది. దెబ్బతిన్న పెనాంగ్ మిల్లు ఆ తరువాత తిరిగి తెరుచుకోలేదు. నేడు ఫిజీకి ప్రధానాదాయం పర్యాటకం. విదేశాలలోనివారు పంపే డబ్బు, సీసాలలో నింపి ఎగుమతి చేసే నీరు, చేపలు, బంగారం తరువాతివి. వనువా లెవులోని వునిదొగొలోవా గ్రామం ఉప్పునీరు ఇళ్లలోకి రావడం చేత 2014లో మెట్టకు తరలిపోయింది. నేల కోసం తగవులాడుకున్న దీవులలో నేలనే సముద్రం అడుగుతున్నది.

తెలుగు భాష మాట మిగిలి ఉంది. ఉత్తర భారతీయులు ముందు వచ్చినందున తోటలలో హిందీయే వ్యవహార భాష అయింది. దక్షిణాదివారందరినీ కలిపి ‘మద్రాసీలు’ అన్నారు. 1926లో తమిళ, తెలుగు, మలయాళీలు కలిసి తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘాన్ని, 1941లో తెలుగువారు ప్రత్యేకంగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకుని బడులు నడిపారు. ఆ బడులలో ఆదివాసి ఫిజీయుల పిల్లలు కూడా చదువుకున్నారు. అయినప్పటికీ మూడవ తరానికి ఇంటి మాట ఫిజీ హిందీ అయింది. నేడు తెలుగు అక్కడ ఎక్కువగా పేర్లలోను, కొన్ని ఇళ్ల పూజలలోను నిలిచి ఉంది. ఓడ ఎక్కేముందు ప్రతి కూలీకి వ్రాసిన పత్రాలు సువాలోని జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం వాటిలో నమోదై ఉంటాయి. ఆ పత్రం నకలు చేతపట్టుకొని, ఆంగ్ల గుమాస్తా తనకు వినిపించినట్లు వ్రాసుకున్న ఊరి పేరు ఏదై ఉంటుందా అని, ముత్తాత గ్రామాన్ని వెదుకుతూ వారి వంశీయులు ఇప్పటికీ ఇటు వస్తున్నారు.