ల్యాబులో మొదటి శీలం

ధమ్మ బంధువులారా, రోజూ "పాణాతిపాతా వేరమణి" అంటున్నాం. మరి గరివిడి పశువైద్య కళాశాలలోనో, ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలోనో చదివే మన పిల్లలకు ప్రాణి మీద ప్రయోగం చేయాల్సొస్తే ఎలా?

"బుద్ధుడు, ఆయన ధమ్మం"లో బాబాసాహెబ్ దారి చూపారు: చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు.

ఆ అవసరం ఉందా అనే చట్టం కూడా అడుగుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పుస్తకం, మోడల్, సినిమాతో పాఠం చెప్పగలిగితే ప్రయోగం మానుకోవాలి. తప్పదంటే, మొదలెట్టకముందే కాలేజీలోని జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకోవాలి. వీలైనంతవరకు మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా చూడాలి.

అయితే కాగితం మీద సంతకం పడగానే శీలం నిలిచిపోదు. పిల్లలూ, మార్కులు పోతాయని భయపడి ఊరుకోకండి. "సార్, దీనికి అనుమతి ఉందా? మోడల్‌తో చూపించొచ్చా?" అని అడగండి. మనసులో మైత్రి ఉన్నవాళ్లే ఆ మాట అడగగలరు. జై భీమ్.