దూతలకు తెరచిన తలుపు

చదువవలసిన భాగము : యెషయా 39వ అధ్యాయము

హిజ్కియా రాజు రోగమునుండి లేచిన తరువాత బబులోనునుండి దూతలు వచ్చిరి. ఉత్తరమును కానుకయు తెచ్చిరి. రాజు సంతోషించి తన వెండి బంగారములను, ఆయుధశాలను, సమస్తమును వారికి చూపెను. వారు వెళ్లిన పిమ్మట యెషయా వచ్చి, వారు పలికినదేమి, వచ్చినదెచ్చటినుండి, ఇంటిలో చూచినదేమి అని విచారించెను. ఈ మూడు ప్రశ్నలను మనము ముందుగానే వేసికొనవలెను.

మన ప్రొద్దుటూరు చుట్టుపట్ల, చేవెళ్ల, మొయినాబాదు గ్రామములలో పొలము అమ్మిన సొమ్ము కొందరి బ్యాంకు ఖాతాలలో నున్నది. నేటి దూతలు గుఱ్ఱములెక్కి రారు. జేబులోని సెల్‌ఫోనులోనికే వచ్చుచున్నారు.

వారు పలుకునదేమి? ఖాతా నిలిచిపోవునని చెప్పి ఓటీపీ అడుగుదురు. అది ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ అక్కరలేదు. పిన్ నొక్కితిమా, సొమ్ము మనయొద్దనుండి పోవును. పోలీసు దుస్తులతో వీడియోలో కనబడి, డిజిటల్ అరెస్టు చేసితిమని బెదరించువారును కలరు. అట్టి అరెస్టు మన దేశ చట్టములో లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు రేడియోలో ఈ సంగతియే ప్రజలకు తెలిపిరి.

వచ్చినదెచ్చటినుండి? పెండ్లి శుభలేఖయని వాట్సాప్‌లో వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అని యున్నయెడల దానిని తెరువకుడి. దానివలన మన సందేశములు పరులచేతిలో పడవచ్చును. కుమారుని గొంతు వినబడి సొమ్ము అడిగినను, ఆ ఫోను పెట్టివేసి, మనయొద్దనున్న అతని నంబరుకు మనమే చేయవలెను.

చూచినదేమి? 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సెల్‌ఫోను దుకాణదారుడు భూముల రిజిస్ట్రేషను పత్రములమీది వ్రేలిముద్రలకు నకళ్లు చేసి, వేలకొలది సిమ్ కార్డులకు వాడెనని పోలీసులు బయలుపరచిరి. కావున ఆధార్ కార్డు, పాసుపుస్తకము, పిల్లల ఫొటోలు పదిమంది చూచు గ్రూపులలో పెట్టకుందము. ఆధార్ వెబ్‌సైటులో మన వ్రేలిముద్రలకు తాళము వేసికొని, అవసరమైనప్పుడు తీసికొనవచ్చును.

మనకు తెలిసిన ఒక తల్లి ఈలాగున సొమ్ము పోగొట్టుకొని, కోడలికి చెప్పలేక, రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు. సంగతి తెలిసినప్పుడు మనలో కొందరము నవ్వితిమి. ఆ నవ్వు మన పాపము. మోసగాని కంటె మన నవ్వునకే ఆమె ఎక్కువగా భయపడెను. నవ్వుచోట ఎవరును నిజము చెప్పరు. చెప్పనిదే సహాయము దొరకదు. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేసినయెడల, అది చేతులు మారకమునుపే ఆపుటకు వీలుండును. ఆలస్యమైనకొలది ఆ వీలు తగ్గును.

హిజ్కియా తలుపులన్నియు తెరచి తప్పిపోయెను గాని, ప్రవక్త అడిగినప్పుడు ఏమియు దాచలేదు. మొదటిదానిలో అతనివలె నుండకుందము. రెండవదానిలో అతనివలె నుందము.

ఇంటివారు కలిసి మాటలాడుకొనుటకు :

1. మన ఫోనులోని సంగతులు బయటివారిలో ఎవరెవరికి తెలియును?
2. ఆపదలో మన ఇంటివారే పిలిచిరని తెలిసికొనుటకు ఏ గుర్తు మాట పెట్టుకొందము?
3. మోసపోయినవారు మన ఇంటికి ధైర్యముగా రాగలరా?