ఏ ఖర్చునకు ఏ కార్డు?

కార్డు నెంచుకొనుటకు ముందు ఏ నెలలో ఎంత వ్యయమగునో, ఏ నెలలో పైకము చేతికి వచ్చునో ఒక కాగితముపై వ్రాసికొనుడని మా మనవి. నకిరేకల్ ప్రాంతమున వరి, ప్రత్తి వేయువారికి ఖర్చు నెలనెలా ఉండును, రాబడి పంటకొక్కసారియే.

సామాన్యమగు క్రెడిట్ కార్డు బిల్లు నెలనెలా వచ్చును. గడువులోపల పూర్తిగా చెల్లించినచో కొనుగోళ్లపై వడ్డీ లేదు. కొంత నిలిపినచో, పెక్కు కార్డులపై నెలకు నూటికి 3 రూపాయలో, అంతకు మించియో పడును. నెలజీతము గలవానికి ఇది తగును. కోతవఱకు వేచియుండువానికి తగదు.

కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో ఏర్పడినది. పంటను, విస్తీర్ణమును బట్టి దాని పరిమితి నిర్ణయింతురు. ఇంటి అవసరములకును అందు కొంత చేర్తురు. పంట అమ్ముడగు కాలమును బట్టి గడువుండును. 3 లక్షల వఱకు పంటఋణముపై వడ్డీ ఏటికి నూటికి 7 రూపాయలు. సకాలమున తీర్చువానికి 4 రూపాయలే.

వాడిన సొమ్మునకే వడ్డీ గనుక ఒక్కసారిగా తీయరాదు. 7 వంతున లెక్కించి చూతము. జూనులో లక్ష తీసి డిసెంబరులో తీర్చినచో వడ్డీ 3,500 రూపాయలు. జూనులో 40,000, ఆగస్టులో 30,000, అక్టోబరులో 30,000 తీసినచో 2,450 మాత్రమే. అదే లక్ష సామాన్య కార్డుపై ఆఱు నెలలు నిలిచినచో, నెలకు 3 వంతున 18,000కు తక్కువ కాదు.

కావున విత్తనము, ఎరువు, కూలి కిసాన్ కార్డుపై నడుపుడు. పెండ్లి వేడుకలకు ఏ కార్డును తీయకుడు. గడువు తేదీని ఇంటిగోడపై వ్రాసియుంచుడు. అది దాటినచో 4 రూపాయల వడ్డీ దక్కదు.