రిపోర్టు రాసే ముందు స్ప్లైసింగ్ చదువు

కాకినాడ

చిరంజీవి మేఘనకు,

నీ ఉత్తరం అందింది. చేరిన కొద్ది రోజులకే జన్యు పరీక్షల రిపోర్టులు చేతికిచ్చారంటే నీ మీద నమ్మకం ఉన్నట్టే. ప్రొటీన్‌లో అమైనో ఆమ్లం మారితే అర్థమవుతోంది గానీ, ఇంట్రాన్లలో కనిపించే మార్పుల్ని ఏం చేయాలో తోచడం లేదని రాశావు. స్ప్లైసింగ్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని అడిగావు. పాథాలజీలో ఉన్నన్నాళ్లూ తలసీమియా పిల్లల రక్తం చూసినదాన్ని, అక్కణ్ణుంచే చెబుతాను.

పాఠ్యపుస్తకంలోని బొమ్మ పక్కన పెట్టు. బీటా గ్లోబిన్ జన్యువు సీక్వెన్స్ తెరువు. మూడు ఎక్సాన్లు, వాటి మధ్య రెండు ఇంట్రాన్లు. మొదటి ఇంట్రాన్‌లో 130 బేస్‌లు, రెండో దాంట్లో 850. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు ఇవన్నీ కలిసే వస్తాయి. తర్వాత కణం ఇంట్రాన్లను తీసేసి ఎక్సాన్లను అతుకుతుంది. ఈ పనిలో ఒక్క బేస్ తేడా వచ్చినా చాలు, అక్కణ్ణుంచి మూడేసి బేస్‌ల లెక్క తప్పి ప్రొటీన్ పాడవుతుంది.

ఎక్కడ కోయాలో కణానికి ఎలా తెలుస్తుంది? ఇంట్రాన్ దాదాపు ఎప్పుడూ జీయూతో మొదలై ఏజీతో ముగుస్తుంది. కానీ జీయూలూ ఏజీలూ ఆర్‌ఎన్‌ఏలో అడుగడుగునా ఉంటాయి, కాబట్టి చుట్టుపక్కల బేస్‌లు కూడా కుదరాలి. యూ1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ-ప్రొటీన్ కణిక ముందుగా ఇంట్రాన్ మొదలును పట్టుకుంటుంది. ఎక్సాన్ చివరి మూడు బేస్‌లతోనూ ఇంట్రాన్ మొదటి ఆరింటితోనూ దాని ఆర్‌ఎన్‌ఏ జత కడుతుంది. ఆ జత ఎంత బాగా కుదిరితే కోత అంత నమ్మకంగా పడుతుంది.

ఇప్పుడు బీటా గ్లోబిన్ మొదటి ఇంట్రాన్‌లోని ఆరు బేస్‌లనే చూడు. ఒకటో స్థానంలోని జీ మారితే సరైన కోత పూర్తిగా ఆగిపోతుంది, బీటా గ్లోబిన్ అసలు రాదు. ఐదో స్థానంలోని జీ మారి సీ అయితే సరైన కోత కొంచెం మాత్రం మిగులుతుంది, జబ్బు తీవ్రంగానే ఉంటుంది. ఆరో స్థానం మారితే చాలావరకు తేలికపాటి జబ్బు. మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది ఈ ఐదో స్థానపు మార్పే. ప్రొటీన్‌లోని ఏ అమైనో ఆమ్లాన్నీ అది ముట్టుకోదు. యూ1 పట్టు సడలగానే కోత దొంగచోట్లకు జరుగుతుంది. ఒకటో ఎక్సాన్ లోపల అసలు కోతచోటుకు 38, 16 బేస్‌ల వెనక రెండు, ఇంట్రాన్‌లో 13 బేస్‌ల తర్వాత ఒకటి. మామూలు రోజుల్లో వాటిని ఎవరూ పట్టించుకోరు.

ఇక ఇంట్రాన్ అవతలి కొస సంగతి. ఏజీకి కొద్ది బేస్‌ల ముందు ఏ అనే బేస్ ఒకటి ఉంటుంది. యూ1 లాంటిదే యూ2 వచ్చి దాని చుట్టూ జత కట్టి, ఆ ఒక్క ఏను మాత్రం బయటికి పొడుచుకొచ్చేలా వదులుతుంది. తర్వాత యూ4, యూ5, యూ6 కలిసి వస్తాయి. యూ1, యూ4 తప్పుకుంటాయి, యూ6 యూ2తో జత కడుతుంది. ఇదంతా కలిసిన యంత్రమే స్ప్లైసోసోమ్. ఆ ఏ వెళ్లి ఇంట్రాన్ మొదలును కోసి తనకే అతికించుకుంటుంది, ఇంట్రాన్ పలుపుతాడు ఉచ్చులా వంకర తిరుగుతుంది. తెగిన మొదటి ఎక్సాన్ కొస వెళ్లి ఏజీ దగ్గర కోసి, రెండో ఎక్సాన్‌తో కలుస్తుంది. ఉచ్చు ఊడిపోతుంది. ప్రొటీన్లు పదుల సంఖ్యలో ఉన్నా, ఈ రెండు చర్యల్నీ నడిపేది మెగ్నీషియం అయాన్లను పట్టుకున్న యూ6 ఆర్‌ఎన్‌ఏ.

ఇంట్రాన్లు చూశావు కదా అని ఎక్సాన్లను నమ్మేయకు. బెంగాల్‌లోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఎక్కువగా కనిపించే హీమోగ్లోబిన్-ఈ తీసుకో. 26వ కోడాన్‌లో గ్లుటమిక్ ఆమ్లం పోయి లైసిన్ వస్తుంది. రిపోర్టులో అంతవరకే రాస్తే సగమే చెప్పినట్టు. అదే మార్పు పక్కనున్న దొంగచోటును లేపుతుంది. కొంత ఆర్‌ఎన్‌ఏ తప్పుగా తెగి, ఆ హీమోగ్లోబిన్ తక్కువగా తయారవుతుంది. తలసీమియా గుణం దానికి అలా వచ్చిందే.

ఇంకొకటి, వెన్నెముక కండర క్షీణత. ఎస్ఎంఎన్1 జన్యువు పోయిన పిల్లలకు ఎస్ఎంఎన్2 ఉన్నా సరిపోదు. రెంటికీ ఉన్న ముఖ్యమైన తేడా ఏడో ఎక్సాన్‌లో ఆరో బేస్. ఎస్ఎంఎన్2లో అక్కడ సీకి బదులు టీ. అమైనో ఆమ్లం రెండిట్లోనూ ఫినైల్ అలనైనే. అయినా ఆ ఒక్క బేస్ వల్ల ఎక్కువ ఆర్‌ఎన్‌ఏల్లో ఏడో ఎక్సాన్ మొత్తం జారిపోతుంది. స్ప్లైసింగ్ తెలిసినవాళ్లే దీనికి మందు కనిపెట్టారు. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఏడ్రియన్ క్రైనర్ బృందం ముందుండి నడిపిన నుసినెర్సెన్ పక్క ఇంట్రాన్‌లోని అడ్డును కప్పేసి, ఏడో ఎక్సాన్‌ను నిలబెడుతుంది. అమెరికాలో 2016 డిసెంబరులో దానికి అనుమతి వచ్చింది.

అందుకని నా సలహా ఒక్కటే. ఒక మార్పు ప్రొటీన్‌ను ఏం చేస్తుందని అడిగే ముందు, ఆర్‌ఎన్‌ఏను ఏం చేస్తుందని అడుగు. అమైనో ఆమ్లం మారలేదన్న ఒక్క కారణంతో దేన్నీ నిరపాయమని రాయకు. అలాగని కంప్యూటర్ ప్రోగ్రామ్ స్ప్లైసింగ్ చెడుతుందని అంకె చూపించగానే జబ్బు ఖాయమనీ రాయకు. ఎక్కడ తెగుతుంది, ఎంత మేరకు అనేవి ఆర్‌ఎన్‌ఏలోనే తేలాలి.

అసలు స్ప్లైసింగ్ బయటపడింది కూడా అలాగే. 1977లో ఎంఐటీలో ఫిలిప్ షార్ప్, సూసన్ బెర్జెట్, క్లెయిర్ మూర్, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో రిచర్డ్ రాబర్ట్స్, లూయిస్ చౌ, వాళ్ల సహచరులు ఎడినోవైరస్ డీఎన్‌ఏను దాని ఆర్‌ఎన్‌ఏతో జత కట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. జత దొరకని డీఎన్‌ఏ వంపులు తిరిగి బయటికి వచ్చింది. ఆ వంపులే ఇంట్రాన్లు. షార్ప్, రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది. డీఎన్‌ఏ పక్కన ఆర్‌ఎన్‌ఏను పెట్టి చూడటం ఈనాటికీ నీ పనే.

ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఆ జన్యువు పనిచేయని కణజాలం తీసుకుంటే ఏమీ తెలియదు. రక్తం సులువుగా దొరుకుతుందని కండరాల జన్యువుకు కూడా దాన్నే పంపకు. రెండోది, తప్పుగా తెగిన ఆర్‌ఎన్‌ఏను కణం చాలాసార్లు వెంటనే నాశనం చేస్తుంది. అప్పుడు మంచి కాపీ ఒక్కటే కంటపడుతుంది. తప్పు కాపీ కనపడకపోవడం వేరు, తయారుకాకపోవడం వేరు.

నీ రిపోర్టు చూసుకుని ఒక జంట తర్వాతి కానుపు సంగతి నిర్ణయించుకుంటుంది. ఇలాంటి జబ్బుకు ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు అది వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. తేలనిదాన్ని తేలలేదనే రాయి, ఏ పరీక్ష చేస్తే తేలుతుందో కింద చేర్చు.

ఈ ఆదివారం కాగితం మీద ఒక లెక్క చెయ్యి. పైన చెప్పిన మూడు దొంగచోట్ల కోసి, ఎక్సాన్లు అతికి, ప్రతిదాంట్లో మొదటి స్టాప్ కోడాన్ ఎక్కడ పడుతుందో గుర్తించి నాకు పంపు. ప్రోగ్రామ్‌కు అప్పగించకు. తప్పులుంటే దిద్ది పంపిస్తాను.

వేళకు తిను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ