ఆకాశపక్షులను నిదానించి చూచుట

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 6:25–34, మత్తయి 10:29–31, యిర్మీయా 8:7



కొండమీది ప్రసంగములో మన ప్రభువు పక్షులనుగూర్చి చెప్పిన మాట మన సంఘములలో చిన్నబిడ్డలకు సైతము తెలిసినదే. సేద్యము చేయని పిట్టలకు ఆహారమిచ్చు తండ్రి మనలను మరువడనియు, గనుక చింతపడకూడదనియు మేమును అనేక పర్యాయములు బోధించితిమి. అయితే ఆ బోధలో ప్రభువు మరియొక పని చెప్పెను. వాటిని చూడుమనెను. ఇరువది ఏండ్ల పరిచర్యలో ఆ మాటను మేము ఒక్కనాడైనను నెరవేర్చలేదని హైదరాబాదు పట్టణములో ఒక ఉదయమున తెలిసికొంటిమి.

ఏప్రిల్ నెలలో ఒక వివాహము నిమిత్తము మేము ఆ పట్టణమునకు వెళ్లి, మా సంఘపు యౌవనస్థుడొకని గదిలో బసచేసితిమి. అతడు అక్కడ ఉద్యోగము చేసికొనుచున్నాడు. రాత్రి భోజనమైన తరువాత అతడు, "అయ్యగారూ, తెల్లవారుజామున పార్కుకు వస్తారా? పిట్టలను చూపిస్తాను" అనెను. ఆ మాటకు మా మనస్సు కలవరపడెను. ఏలయనగా అతడు బాలుడుగా ఉన్నప్పుడు చింతచెట్లవైపు చూచుచు నిలిచిపోయి, ఆదివారపు బడికి ఆలస్యముగా వచ్చెడివాడు. ఒకనాడు మేము అతనిని అందరి యెదుట నిలువబెట్టి సోమరియని గద్దించితిమి. అటుతరువాత చాలా వారములు అతడు బడికి రాలేదు.

మేము వెళ్లినది కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనము. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ పేటల నడుమ సుమారు 390 ఎకరములలో ఉన్న ఈ అడవిని 1998లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటించిరి. చుట్టును మేడలు, వాహనముల రొద. లోపల బండరాళ్లు, పొదలు, నెమళ్ల కేకలు.

ఒక చెట్టుకొమ్మపై నల్లని పక్షి కనబడగా మేము వెంటనే కాకి యంటిమి. అతడు, "ఇంకొక్క నిమిషము చూడండి, అయ్యగారూ" అనెను. చూడగా దాని కన్ను ఎఱ్ఱనిది, ముక్కు లేత పచ్చనిది, తోక పొడుగైనది. అది మగకోయిల. అదే చెట్టున ఆకుల చాటున గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలు, చారలు గల పక్షి కూర్చుండెను. ఇది డేగజాతిది కాబోలు నంటిమి. అతడు నవ్వి, అది ఆడకోయిల యని చెప్పెను. ఒక్క జాతిలోని రెంటిని మేము రెండు జాతులుగా లెక్కించితిమి! అంతలో కుహూ అను పాట వినబడెను. పాడినది మగపక్షి. ఆడకోయిల కిక్ కిక్ అని కర్కశముగా మాత్రమే అరచునట. కోయిలమ్మ పాటనుగూర్చి మేము చేసిన ప్రసంగములు అప్పుడు జ్ఞాపకమునకు వచ్చెను.

పక్షిని గుర్తించుటకు అతడు మాకు నాలుగు సంగతులు నేర్పెను. మొదటిది పరిమాణము: పిచ్చుకంతయా, గోరువంకంతయా, కాకియంతయా అని పోల్చి చూడవలెను. రెండవది ముక్కు: గింజలు తిను పిచ్చుకకు పొట్టిగా, బలముగా ఉండును, పువ్వులలో తేనె త్రాగు తేనెపిట్టకు సన్నగా వంగియుండును, మాంసము చీల్చు డేగకు కొక్కెమువలె ఉండును. మూడవది రెక్కలు, తోక: ఏట్రింత కాకివలె నల్లనిదైనను చిన్నది, దాని తోక చేపతోకవలె చీలియుండును, జెముడుకాకి మేను నలుపే గాని రెక్కలు ఇటుకరంగువి. నాలుగవది నడత, స్వరము: కంసాలిపిట్ట ఆకుపచ్చని దగుటచేత ఆకులలో కనబడదు గాని, చిన్న సుత్తెతో రాగిని కొట్టినట్లు ఎడతెగక చేయు శబ్దమునుబట్టి చెవి దానిని ముందుగా కనిపెట్టును.

అతని చేతిలోని చిన్న పుస్తకములో తేదీ, గంట, పక్షి పేరు వ్రాసియుండెను. కొన్ని వరుసలలో గుర్తులున్నవి గాని పేరు లేదు. ఇవి ఏల ఖాళీ యని అడిగితిమి. "తెలియకపోతే వదిలేస్తానండీ. తొందరపడి పేరు పెడితే, తరువాత కన్ను ఆ పేరునే చూస్తుంది గాని పిట్టను చూడదు" అనెను.

ప్రియులారా, ఆ మాట మమ్మును గుచ్చెను. నిదానించి చూచు బాలునికి మేము సోమరియని పేరు పెట్టితిమి. పేరు పెట్టిన తరువాత అతనిని మరల చూడలేదు. అక్కడి బండమీద కూర్చుండి, ఆనాటి సంగతి చెప్పి, క్షమింపుమని అడిగితిమి. అతడు చాలాసేపు పలుకలేదు. తరువాత, "ఆ రోజు నేను చూసింది కూడా కోయిలేనండీ" అనెను.

పక్షిశాస్త్రమునందు ప్రసిద్ధుడైన సలీం అలీ (1896–1987) బాల్యమును ఇక్కడ తలంచుట మేలు. ఆయన బాలుడుగా ఉన్నప్పుడు గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టి, దాని గొంతుపై పసుపు మచ్చను చూచి ఆశ్చర్యపడెను. దానిని తీసికొని బొంబాయిలోని ప్రకృతి చరిత్ర సంఘమునకు వెళ్లగా, కార్యదర్శి మిల్లర్డు దొర గద్దింపక, పిట్ట పేరు చెప్పి, అక్కడ భద్రపరచిన పక్షులను చూపెను. ఆ బాలుడే పెద్దవాడై 1931–32లో నైజాం సంస్థానపు పక్షులను పరిశీలించెను; 1941లో భారతదేశపు పక్షులనుగూర్చి గ్రంథము ప్రకటించెను. 1985లో వెలువడిన తన జీవితచరిత్రకు పిచ్చుక నేలకూలుట యను అర్థమిచ్చు పేరు పెట్టెను. కొద్ది వెలకు అమ్ముడుపోవు పిచ్చుకయైనను తండ్రికి తెలియకుండ పడదని చెప్పిన ప్రభువు మాట మనకు జ్ఞాపకము రాదా? ఒక పెద్దమనిషి ఆ బాలుని ఓపికతో చేర్చుకొనెను. మేము మా బాలుని తరిమితిమి.

యిర్మీయా ప్రవక్త పక్షుల రాకపోకల కాలములను గమనించినవాడు గనుకనే, పక్షులకున్న తెలివి దేవుని ప్రజలకు లేకపోయెనని దుఃఖింపగలిగెను. చూచినవాడే బోధింపగలడు. మన సంఘములలో ఆలస్యముగా వచ్చు కూలిస్త్రీకి, వెనుక బల్లమీద మౌనముగా కూర్చుండు విధవరాలికి, చందా ఇయ్యని రైతుకు మనము పెట్టిన పేర్లెన్ని? వారి యింటి స్థితి మనము చూచితిమా?

దీనికొరకు పట్టణమునకు పోనక్కరలేదు. మీ చెరువుగట్టు, మీ చింతచెట్టు చాలును. బాలురారా, ఉండేలు ప్రక్కనుంచి పుస్తకము పట్టుడి. గూటి దగ్గరకు పోకుడి, గ్రుడ్లను తాకకుడి. ఉపాధ్యాయులారా, నెలకొక ఉదయమున పిల్లలను వెలుపలికి తీసికొనిపోయి, మీరును వారివలె చూడుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. చింతపడవద్దని చెప్పునప్పుడు ప్రభువు పక్షులను చూడుమనుట ఏల?
2. మీ యూరిలోని నల్లని పక్షులు ఎన్ని విధములు? వాటిని ఎట్లు గుర్తింతురు?
3. మీరు తొందరపడి పేరు పెట్టినవారెవరు? ఈ వారము వారి యింటికి వెళ్లగలరా?

ప్రార్థన: పిచ్చుకను సైతము ఎరిగిన తండ్రీ, చూడక తీర్పుతీర్చిన మా పాపమును క్షమించుము. మా తొందర మాటలచేత దూరమైన పిల్లలను మరల నీ మందిరమునకు నడిపించుము. నీ చేతిపనిని, నీ బిడ్డలను ఓపికతో చూచు కన్నులను మాకు దయచేయుమని యేసునామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.